నందాదేవి: బెంగళూరు మిత్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నా లాప్‌టాప్ వాల్‌పేపర్ ఒక మంచుకొండ. మీటింగులో స్క్రీన్ షేర్ చేసినప్పుడల్లా ఎవరో ఒకరు "అదేం కొండ అన్నా?" అంటారు. "నందాదేవి" అంటాను. ఇక వరసగా మొదలు: ఎన్ని రోజులు, ఎంతవుతుంది, వీకెండ్ బ్యాచ్ ఉందా, లీవు ఎన్నాళ్ళు పెట్టాలి. నాలుగేళ్ళుగా అవే ప్రశ్నలు, అవే జవాబులు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఇలా రాసి పెట్టాను. నేనేమీ పర్వతారోహకుణ్ణి కాను. హిందూపురం నుంచి వచ్చి కేఆర్ పురంలో ఉంటున్న మామూలు ఉద్యోగిని, కొండల పిచ్చి ఒకటి ఉంది, అంతే.

నందాదేవి అంటే మన నంది హిల్సేనా?

నవ్వకండి, ఎక్కువమంది అడిగేది ఇదే. కాదు. నంది హిల్స్ ఎత్తు 1,478 మీటర్లు. నందాదేవి 7,816 మీటర్లు. ఐదు నంది కొండల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినా ఇంకా 400 మీటర్ల పైచిలుకు తక్కువే. ఒక పోలిక మాత్రం ఉంది, రెండు చోట్లా నదులు పుడతాయి. మా హిందూపురం వైపు వచ్చే పెన్నా పుట్టేది ఆ నంది కొండల్లోనే. నందాదేవి మంచు కరిగితే రిషిగంగ అవుతుంది. అది పోయి ధౌళిగంగలో, ధౌళిగంగ పోయి విష్ణుప్రయాగ దగ్గర అలకనందలో, అలకనంద దేవప్రయాగలో భాగీరథితో కలిస్తే గంగ. పెన్నాలో చిన్నప్పుడు నేను నీళ్ళకంటే ఇసకే ఎక్కువ చూశాననుకోండి, అది వేరే సంగతి.

ఇంతకీ ఎక్కడుంది?

ఉత్తరాఖండ్‌లో. గఢ్వాల్, కుమావూ ప్రాంతాలు కలిసేచోట. పెద్ద శిఖరం చమోలీ జిల్లాలోకి వస్తుంది. బదరీనాథ్ యాత్రకు వెళ్ళినవాళ్ళకు జోషీమఠ్ తెలిసే ఉంటుంది. అక్కడి నుంచి ఆగ్నేయంగా చూస్తే ఈ కొండలే.

మన దేశంలో అన్నిటికంటే ఎత్తైంది కాంచన్‌జంగా అని చదువుకున్నామే?

సరిగ్గానే చదువుకున్నారు. కాంచన్‌జంగా 8,586 మీటర్లు, కానీ అది నేపాల్ సరిహద్దు మీద ఉంది, సగం వాళ్ళది. పూర్తిగా మన నేల మీదే ఉన్న శిఖరాల్లో నందాదేవిదే మొదటి స్థానమని సాధారణంగా చెబుతారు. 1975లో సిక్కిం మన దేశంలో కలిసేదాకా ఆ 'పూర్తిగా' అనే మాట కూడా అవసరం లేకపోయింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1800ల మొదట్లో ధవళగిరి ఇంకా ఎత్తని లెక్క తేలేదాకా, ప్రపంచంలోకెల్లా ఎత్తైన కొండ ఇదే అనుకున్నారు.

అంత ఎత్తు ఆ కాలంలో ఎలా కొలిచారు? పైకి వెళ్ళి టేపు పెట్టలేరు కదా?

స్కూల్లో చదివిన త్రికోణమితే. దూరంగా రెండు మూడు చోట్ల నిలబడి, శిఖరం వైపు కోణాలు కొలిచి, ఆ చోట్ల మధ్య దూరం కచ్చితంగా తెలిస్తే ఎత్తు లెక్క కట్టొచ్చు. ఆ 'కచ్చితంగా తెలిసిన దూరం' కోసమే నేల మీద గొలుసులు పరిచి కొలిచేవాళ్ళు. దీన్నే బేస్‌లైన్ అంటారు. మనవాళ్ళకు ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోతారు: బ్రిటిష్ సర్వేయరు విలియం లాంబ్టన్ మొదట అలాంటి గీత కొలిచింది 1800లో, మన బెంగళూరు దగ్గరే. తర్వాత 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మళ్ళీ మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి త్రికోణం పక్కన త్రికోణం కట్టుకుంటూ దశాబ్దాల తర్వాత హిమాలయాల దాకా వెళ్ళారు.

సరే, నేను ఎక్కొచ్చా?

వద్దు. అంటే మీ ఫిట్‌నెస్ గురించి కాదు, పెద్ద శిఖరానికి దారే మూసేశారు. 1983 నుంచి మామూలు జనానికి లోపలికి అనుమతి లేదు. ఎవరెస్టు ఎక్కినవాళ్ళు మన తెలుగువాళ్ళలోనే ఉన్నారు, పదమూడేళ్ళకే ఎక్కిన మాలావత్ పూర్ణ ఉంది. డబ్బు, శిక్షణ, ఓపిక ఉంటే ఎవరెస్టుకు దారి దొరుకుతుంది. దీనికి దొరకదు.

కనీసం బేస్ క్యాంప్ ట్రెక్ అయినా ఉంది కదా? నెట్‌లో చూశాను.

ఇక్కడే జాగ్రత్త. మా టీములో ఒక కుర్రాడు 'నందాదేవి శాంక్చురీ ట్రెక్' అని ప్రకటన చూసి అడ్వాన్సు కట్టేశాడు. నన్ను ఒక మాట అడిగి ఉంటే బాగుండేది. అక్కడికి పోయాక జోషీమఠ్ నుంచి ఔలీ తీసుకెళ్ళి, ఆ పైనున్న పచ్చికలో టెంటు వేసి "అదిగో సార్ నందాదేవి" అని వేలు పెట్టి చూపించారట. చూపించింది నందాదేవినే, అందులో అబద్ధం లేదు. కాకపోతే అది అక్కడికి గాలిదారిలో 40 కిలోమీటర్ల పైనే ఉంటుంది. తిరిగొచ్చాక పాపం వాడు నెల రోజులు ఎవరితోనూ ట్రెక్ మాట ఎత్తలేదు.

అసలు సంగతి ఇదీ. పడమర వైపు, లాతా ఊరి నుంచి ధరాన్సీ కనుమ దాటి కొంత దూరం వరకు అనుమతితో కొద్దిమందిని పంపే ఏర్పాటు ఒకటి తర్వాతి రోజుల్లో పెట్టారు. అది బయటి అంచు వరకే, శిఖరం పాదం దాకా కాదు. తూర్పు వైపు మున్స్యారి నుంచి గోరీగంగ వెంట నడిచి, మర్తోలీ దాటాక పక్క లోయలోకి తిరిగితే 'నందాదేవి ఈస్ట్ బేస్ క్యాంప్' వస్తుంది. అది నిజమైన ట్రెక్కే, కానీ అది తూర్పు శిఖరానిది. కాబట్టి ఎవరైనా ప్యాకేజీ అమ్మితే ఒకే ఒక్క ప్రశ్న వేయండి: "ఏ ఊరి నుంచి నడక మొదలు?" మున్స్యారి అంటే ఒక లెక్క, లాతా అంటే ఒక లెక్క, ఔలీ అంటే మీరు దూరం నుంచి చూడబోతున్నారన్నమాట.

అందరూ 'శాంక్చురీ' అంటారు. అభయారణ్యమా?

ఇప్పుడు చట్టప్రకారం నేషనల్ పార్కే. కానీ పాత పర్వతారోహకులు ఆ మాట వాడింది వేరే అర్థంలో. నందాదేవి చుట్టూ కొండల కోట ఉంది. నడుమ గర్భగుడిలో విగ్రహంలా నందాదేవి, చుట్టూ ప్రాకారంలా 6,400 మీటర్లు దాటిన శిఖరాలు పన్నెండుకు తక్కువ కాకుండా. త్రిశూల్, దూనాగిరి, చాంగ్‌బాంగ్, నందాదేవి ఈస్ట్, ఇవన్నీ ఆ గోడలో రాళ్ళే. ఈ ప్రాకారానికి ఒక్కటే గుమ్మం, పడమర వైపు. లోపలి మంచునీళ్ళన్నీ కలిసి రిషిగంగగా ఆ గుమ్మంలోంచే బయటికి దూకుతాయి. గుమ్మం అంటే నడిచిపోయేది అనుకోకండి. రెండు వైపులా నిలువుగా లేచిన బండలు, కింద నది హోరు. మేకలు కూడా జంకే చోటు.

అందుకే 1883 నుంచి ఎంతమంది ప్రయత్నించినా లోపలికి పోలేకపోయారు. టామ్ లాంగ్‌స్టాఫ్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు 1905లో తూర్పు గోడ మీది కనుమ దాకా ఎక్కి లోపలికి తొంగి చూశాడు. 1907లో పక్కనున్న 7,120 మీటర్ల త్రిశూల్ ఎక్కేశాడు గానీ నందాదేవి పాదం చేరలేకపోయాడు. ఇంకో బ్రిటిషాయన హ్యూ రట్లెడ్జ్ మూడుసార్లు వచ్చి మూడుసార్లూ వెనక్కి వెళ్ళాడు. అంటే యాభై ఏళ్ళు ఎక్కడం గురించి కాదు, అసలు కొండ దగ్గరికి పోవడం గురించే తిప్పలు పడ్డారు.

మరి మొదట లోపలికి ఎవరు వెళ్ళారు?

1934లో ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్ అనే ఇద్దరు బ్రిటిష్ పర్వతారోహకులు, వాళ్ళతో ముగ్గురు షెర్పాలు: ఆంగ్ థార్కే, పసాంగ్, కుసాంగ్. మొత్తం అయిదుగురు. అప్పట్లో హిమాలయాలకు దండయాత్ర అంటే వందలమంది కూలీలు, పెట్టెలకొద్దీ డబ్బాలు. వీళ్ళు మాత్రం అయిదు నెలలకు ఇద్దరికీ కలిపి, ఓడ టిక్కెట్లతో సహా, మూడొందల పౌండ్ల లోపే ఖర్చుపెట్టారు. రిషిగంగ గోడల మీద చెయ్యి పట్టు, కాలి పట్టు వెతుక్కుంటూ, దారి లేకపోతే వెనక్కొచ్చి ఇంకోచోట ప్రయత్నిస్తూ, కొన్ని మైళ్ళకే రోజులకు రోజులు పట్టించుకుని చివరికి లోపల పచ్చిక బయళ్ళలో తేలారు. మనుషులు లోపలి ఆవరణలో అడుగుపెట్టినట్టు రికార్డయిన మొదటిసారి అదే. శిఖరం ఎక్కలేదు, ఆ ప్రయత్నమే చేయలేదు. పై గోడలు చూసి, దక్షిణపు గట్టు మీదుగా దారి ఉండొచ్చని అంచనా కట్టుకుని వెనక్కి వచ్చారు. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చేది ఈ భాగమే.

శిఖరం ఎక్కింది?

రెండేళ్ళకు. 1936 ఆగస్టు 29న టిల్మన్, నోయెల్ ఓడెల్. బ్రిటిష్, అమెరికన్ కలిసిన బృందం. నిజానికి ఆ రోజు ఓడెల్‌తో పైకి వెళ్ళాల్సింది చార్లెస్ హ్యూస్టన్ అనే అమెరికన్ కుర్రాడు. ముందు రాత్రి తిన్న డబ్బా మాంసం పాడైపోయి వాంతులు పట్టుకున్నాయి. టిల్మన్ ఆయన స్థానంలో వెళ్ళాడు. అంత పెద్ద చరిత్ర ఒక డబ్బా మాంసం దగ్గర మలుపు తిరిగింది. ఓడెల్ ఎవరంటే, 1924లో ఎవరెస్టు మీద మాయమైపోయిన మాలరీ, ఇర్విన్‌లను చివరిసారి చూసిన మనిషి. ఈ శిఖరం ఎక్కేటప్పటికి ఆయనకు నలభై అయిదు దాటాయి. నలభై నిండగానే మోకాళ్ళ గురించి మాట్లాడే మా గ్యాంగు ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలి. 1950లో ఫ్రెంచివాళ్ళు అన్నపూర్ణ ఎక్కేదాకా మనిషి ఎక్కిన అత్యంత ఎత్తైన శిఖరం నందాదేవే.

మనవాళ్ళు ఎక్కలేదా?

ఎందుకు ఎక్కలేదు. రెండోసారి ఎక్కింది మనవాళ్ళే, 1964లో నరేంద్ర కుమార్ నాయకత్వంలో. 1981లో రేఖా శర్మ, హర్షవంతి బిష్త్, చంద్రప్రభా ఐత్వాల్, ముగ్గురు ఆడవాళ్ళు పైకి చేరారు. 1983 మూత తర్వాత కూడా, 1993లో సైన్యం ఇంజనీర్ల బృందం ఒకటి ప్రత్యేక అనుమతితో వెళ్ళింది. వాళ్ళ పని ఎక్కడం ఒక్కటే కాదు, పాత బృందాలు వదిలేసిన చెత్త ఏరడం కూడా. వెయ్యి కిలోల పైన కిందికి దించారు. వెంట శాస్త్రవేత్తలు వెళ్ళారు, మన పక్కనున్న కోయంబత్తూరు సలీం అలీ పక్షుల పరిశోధన కేంద్రం నుంచి కూడా.

వెయ్యి కిలోల చెత్తా? అందుకేనా మూసింది?

అదొక్కటే కాదు. 1974లో విదేశీ బృందాలకు తెరిచారు. తెరవగానే సీజనుకు ఒకరి వెనక ఒకరు. ఒక్కో బృందానికి పదులకొద్దీ పోర్టర్లు. చలిలో వంటకు ఏం కాలుస్తారు? అక్కడ దొరికేది నేలకు అంటుకుని పెరిగే జూనిపర్ పొదలే. వేలెడు మందం కావడానికి ఏళ్ళు పట్టే పొద, ఒక పూట చాయ్‌కి బూడిద. పైగా కస్తూరి మృగాల వేట. నది గోడల వల్ల మనిషి పోలేని చోట కాబట్టే అక్కడ కస్తూరి మృగం, భరల్ అనే అడవి గొర్రె, మంచు చిరుత నిశ్చింతగా ఉన్నాయి. దారి తెలిశాక ఆ రక్షణ పోయింది. 1982లో నేషనల్ పార్క్ చేశారు, మరుసటి ఏడు తలుపులు వేశారు. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2005లో పూలలోయ కూడా దానికి కలిపారు.

మన స్కందగిరి, సావనదుర్గల మీద ఆదివారం సాయంత్రం చిప్స్ కవర్లు చూసినవాళ్ళకు ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

మూస్తే అక్కడి ఊళ్ళవాళ్ళ గతేంటి?

అసలు అడగాల్సిన ప్రశ్న ఇది, ఎవరూ అడగరు. లాతా, రేణీ లాంటి ఊళ్ళలో ఉండేది భోటియా జనం. ఒకప్పుడు టిబెట్‌తో ఉన్ని, ఉప్పు వ్యాపారం చేసేవాళ్ళు. 1962 యుద్ధంతో అది పోయింది. తర్వాత పర్వతారోహకులకు గైడ్లుగా, పోర్టర్లుగా నాలుగు రూపాయలు వచ్చేవి. మూతతో అదీ పోయింది, గొర్రెల్ని మేపుకునే పచ్చిక కూడా పోయింది. ఆ రేణీ ఏ రేణీ అనుకుంటున్నారు? 1974 మార్చి 26న గౌరాదేవి ఊరి ఆడవాళ్ళను కూడగట్టి చెట్లను కావలించుకుని నిలబడ్డ రేణీ. చిప్కో ఉద్యమం అని పాఠంలో చదివామే, ఆ ఊరు. అడవిని కాపాడినవాళ్ళనే అడవిలోకి రావద్దన్నారు. మూయడం మంచిదే అని నేననుకుంటాను. మూసిన తీరు మాత్రం మంచిది కాదు. ఆ బరువంతా కొండ కింద ఉన్నవాళ్ళ మీదే వేశారు.

అక్కడ అణు పరికరం పోయిందంటారు, యూట్యూబ్ కథేనా?

కథ కాదు, జరిగిందే. 1964లో చైనా మొదటి అణుపరీక్ష చేసింది. తర్వాతి పరీక్షల్ని పసిగట్టడానికి అమెరికా సీఐఏ, మన ఇంటెలిజెన్స్ కలిసి నందాదేవి పైన ఒక యంత్రం పెట్టాలనుకున్నాయి. అంత ఎత్తులో కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్లుటోనియం వేడితో నడిచే చిన్న జనరేటర్. 1965లో ఎం.ఎస్. కోహ్లీ నాయకత్వంలో పైకి మోశారు. శిఖరానికి కాస్త కింద మంచుతుఫాను పట్టుకుంది. ప్రాణాలు ముందు కదా, సామాను అక్కడే రాళ్ళకు కట్టేసి దిగిపోయారు. మరుసటి ఏడు వెళ్ళి చూస్తే లేదు. హిమపాతం ఎత్తుకుపోయిందని అనుకున్నారు. ఇంకొకటి 1967లో పక్కనున్న నందాకోట్ మీద పెట్టారు, అది కొన్నాళ్ళు పనిచేసింది. ఈ వ్యవహారమంతా 1978లో బయటపడి ప్రధాని మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో ఒప్పుకోవాల్సి వచ్చింది. పోయింది పోయినట్టే, ఇప్పటికీ దొరకలేదు.

అయితే 2021 వరద దానివల్లేనా?

ఆ ఫిబ్రవరి 7న రేణీ జనం మొదట అనుమానపడింది దాన్నే. వాళ్ళను తప్పు పట్టలేం, చిన్నప్పటి నుంచి ఆ కథ విని పెరిగారు. ఉపగ్రహ చిత్రాలు చూసి శాస్త్రవేత్తలు తేల్చింది వేరు. శాంక్చురీ బయటి వైపున్న రోంటీ శిఖరం నుంచి రాయి, మంచు కలిసిన పెద్ద చెక్క ఊడి కింద లోయలో పడింది. సుమారు 2 కోట్ల 70 లక్షల ఘనపు మీటర్లు. పడుతూ పడుతూ రాపిడికి మంచు కరిగి బురద వరదైంది. రిషిగంగ జలవిద్యుత్ కేంద్రం కొట్టుకుపోయింది, తపోవన్ దగ్గర కడుతున్న ప్రాజెక్టు సొరంగంలో కూలీలు ఇరుక్కుపోయారు. చనిపోయినవాళ్ళు, ఆచూకీ లేనివాళ్ళు కలిసి రెండొందలకు పైనే.

తూర్పు శిఖరం అంటే వేరే కొండా?

కవలలనుకోండి. పెద్దది నంద, తూర్పుది సునంద, 7,434 మీటర్లు. 1939లో పోలెండ్ బృందం ఎక్కింది. 1951లో ఇద్దరు ఫ్రెంచివాళ్ళు, డూప్లా, విన్య్, పెద్దదాని నుంచి చిన్నదానికి గట్టు మీదుగా నడిచి వెళ్తామని బయల్దేరి మాయమైపోయారు. వాళ్ళను వెతుకుతూ తూర్పు శిఖరం ఎక్కినవాళ్ళలో టెన్జింగ్ నార్గే ఒకరు. ఎవరెస్టుకు రెండేళ్ళ ముందన్నమాట. ఆ గట్టు దాటడం 1976లో భారత్, జపాన్ బృందానికి గానీ కుదరలేదు. 2019లో ఇటువైపే హిమపాతంలో ఎనిమిదిమంది పోయారు. తేలిక దారి అని ఎవరైనా అంటే నమ్మొద్దు.

ఆ కొండ పేరే పెట్టుకున్న అమ్మాయి కథ ఏంటి?

అమెరికన్ పర్వతారోహకుడు విల్లీ అన్‌సోల్డ్ వయసులో ఉన్నప్పుడు ఈ శిఖరం చూసి, కూతురు పుడితే ఇదే పేరు పెడతాననుకున్నాడు. పెట్టాడు: నందాదేవి అన్‌సోల్డ్. 1976లో తండ్రీకూతుళ్ళు ఇద్దరూ ఆ కొండకే వచ్చారు. పై క్యాంపులో ఆ అమ్మాయి జబ్బుపడి అక్కడే పోయింది. ఇరవై రెండేళ్ళు. ఇంతకంటే చెప్పబుద్ధి కాదు.

అమ్మవారి కొండ అంటున్నావు, గుడి ఎక్కడుంది నాయనా?

ఇది మా అత్తగారి ప్రశ్న. ఫోనులో ఇప్పటికి ఆరుసార్లు అడిగారు. కొండ మీద లేదు అత్తయ్యా. లాతాలో ఉంది, అల్మోడాలో ఉంది, నౌటీలో ఉంది. అక్కడివాళ్ళకు నంద ఆ ఊళ్ళ ఆడపడుచు. శివుడి ఇల్లు అత్తవారిల్లు. పన్నెండేళ్ళకోసారి, మనకు పుష్కరాలు వచ్చినట్టు, ఆమెను అత్తవారింటికి సాగనంపుతారు. నందాదేవి రాజ్ జాత్ అంటారు. నౌటీ నుంచి మొదలై, వాన్ ఊరు, బేదినీ బుగ్యాల్, రూప్‌కుండ్ మీదుగా హోమ్‌కుండ్ దాకా నడక, పోయిరావడానికి సుమారు 280 కిలోమీటర్లు. ముందు నాలుగు కొమ్ముల పొట్టేలు నడుస్తుంది. దాని వీపు మీద మూటల్లో గాజులు, బట్టలు, ఊళ్ళవాళ్ళిచ్చిన కానుకలు ఉంటాయి. హోమ్‌కుండ్ దగ్గర దాన్ని వదిలేస్తే ఒంటరిగా మంచు వైపు వెళ్ళిపోతుంది. 2014లో జరిగినప్పటి వీడియోలో దారిపొడుగునా ముసలమ్మలు నిజంగానే ఏడుస్తున్నారు. మా అత్తగారికి చూపిస్తే "సారె పంపుతున్నారు" అని ఒక్క మాట అని కళ్ళు తుడుచుకున్నారు. నేను పది నిమిషాలుగా వివరిస్తున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది.

దూరం నుంచే చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

ఔలీ, కువారీ పాస్ ఒక వైపు. బిన్సర్, కౌసాని ఇంకో వైపు. పెద్దవాళ్ళతో అయితే కౌసాని. బెంగళూరు నుంచి ఢిల్లీకి విమానం, ఢిల్లీ నుంచి కాఠ్‌గోదాంకి రాత్రి రైలు, అక్కణ్ణుంచి అల్మోడా మీదుగా కారులో ఆరు గంటలు వేసుకోండి. ఘాట్ రోడ్డులో వాంతులయ్యేవాళ్ళు ముందు సీటు పట్టుకోండి.

మేం వెళ్ళింది దసరా సెలవుల్లో. మొదటి రెండు రోజులూ ఎదురుగా తెల్లటి గోడే, మబ్బు తప్ప ఏమీ లేదు. మూడోరోజు తెల్లారి అయిదున్నరకు రోడ్డు వారన చాయ్ కొట్టు దగ్గర నిలబడ్డాం. కొట్టు ఆయన స్టవ్ మీంచి తలెత్తకుండానే "ఇవాళ కనిపిస్తుంది" అన్నాడు హిందీలో. చీకటి పలచబడేసరికి నీలంగా ఒక వరస. నడుమ ముందుకొచ్చి నిలబడ్డ పెద్ద కొండను చూసి అందరూ "నందాదేవి, నందాదేవి" అని ఫోటోలు. అది త్రిశూల్. కౌసానికి త్రిశూల్ దగ్గర, నందాదేవి గాలిదారిలో 70 కిలోమీటర్లు. కుడివైపు, వెనగ్గా, చిన్నగా, రెండు మొనలుగా ఉన్నదే నందాదేవి అని కొట్టు ఆయన గరిటెతో చూపించాడు. మా ఆవిడకు నమ్మకం కుదరలేదు, ఇంత చిన్నదా అంది. అంతలో ఎండ వచ్చింది. ముందు ఎర్రబడింది ఆ చిన్నదే. త్రిశూల్ ఇంకా నీలంగానే ఉంది. ఎవరు ఎత్తో సూర్యుడే చెప్పేశాడు.

ఏ నెల మంచిది?

అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు చివరి దాకా. వానలు కడిగేసిన గాలి. ఏప్రిల్, మేలో అడవి మంటల పొగ వల్ల చూపు ఆనదు. జులై, ఆగస్టులో దయచేసి వెళ్ళకండి, రోడ్ల మీద కొండచరియలు.

మున్స్యారి వైపు ట్రెక్కుకు బెంగళూరులో ఎలా తయారవ్వాలి?

నెలకోసారి సావనదుర్గ ఎక్కితే చాలదు. వారంలో నాలుగు రోజులు నడక, రెండు రోజులు మెట్లు. మా అపార్టుమెంటు పదకొండు అంతస్తులు, వీపు మీద రెండు అయిదు లీటర్ల నీళ్ళ క్యాన్లు వేసుకుని ఎక్కి దిగుతుంటే వాచ్‌మన్ మొదట లిఫ్టు పాడైందేమో అనుకున్నాడు. అలిపిరి 3,550 మెట్లు ఆగకుండా ఎక్కి, మరుసటి రోజు మామూలుగా ఆఫీసుకు పోగలిగితే కాళ్ళు సిద్ధమైనట్టే. బండలెక్కడం నేర్చుకోవాలంటే రామనగర దగ్గరే. నిజంగా శిఖరాలెక్కాలనుంటే ఉత్తరకాశీలోనో డార్జిలింగ్‌లోనో దాదాపు నెల రోజుల బేసిక్ కోర్సు చెయ్యాలి, దానికి అడ్డదారి లేదు. మిలం వైపు వెళ్ళడానికి ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే సరిహద్దు ప్రాంతంలోకి వెళ్ళే అనుమతి పత్రం, కావాలి, మున్స్యారిలో ఇస్తారు. ఆధార్ జిరాక్సులు, ఫోటోలు ఎక్కువే పెట్టుకోండి.

ఆ దారిలో మిలం ఊరు నైన్ సింగ్ రావత్‌ది. 1865లో బ్రిటిష్ సర్వేవాళ్ళ కోసం వేషం మార్చుకుని, జపమాలలో 108కి బదులు 100 పూసలు పెట్టుకుని, అడుగులు లెక్కపెడుతూ టిబెట్‌లోని లాసా దాకా కొలిచిన మనిషి. మన ఫోన్లో స్టెప్ కౌంటర్ చూసుకున్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఊపిరి ఆడకపోతే?

4,000 మీటర్ల దగ్గర ఇక్కడ పీల్చేదాంట్లో దాదాపు మూడింట రెండొంతుల ఆక్సిజనే వస్తుంది. 3,000 దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దు. తలనొప్పి, వికారం వస్తే ఆగండి. తగ్గకపోతే దిగండి. మాత్రల సంగతి మీ డాక్టర్ని అడగండి, నన్ను కాదు. లీవు అయిపోతోందని తొందరపడేవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడతారు, అంటే మనవాళ్ళే.

పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

కౌసానికి, ఔలీకి హాయిగా. మున్స్యారి ట్రెక్కుకు వద్దు.

మళ్ళీ తెరుస్తారా?

తెరవాలన్న మాట అప్పుడప్పుడు వస్తూనే ఉంటుంది. తెరిస్తే నాకు చెప్పకండి. వెళ్ళాలనిపిస్తుంది.

ఆ వాల్‌పేపర్ మీరు తీసిందేనా? పంపుతారా?

తీసింది మా ఆవిడ. ఆ సమయంలో నేను చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి ఫోన్ సంగతే మరిచిపోయాను, చాయ్ కూడా చల్లారిపోయింది. కావాలంటే పంపిస్తాను. అడ్డంగా ఒక కరెంటు తీగ, మూలన చాయ్ కొట్టు రేకు ఉంటాయి. వాటిని చెరిపేసి పెట్టుకోమని ఇద్దరు సలహా ఇచ్చారు. మా ఆవిడ ఒప్పుకోలేదు.